గాజు కూజాలో గుడ్డు: నేపుల్స్ సముద్రపు కోట కథ ఎలా అల్లుకుంది

ఇటలీలోని నేపుల్స్ తీరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక రాతి దిబ్బ ఉంది. ఒకప్పుడది దీవి. ఇప్పుడు కట్ట మీదుగా నడిచి వెళ్లొచ్చు. దిబ్బ మీద పసుపుపచ్చటి రాతి కోట. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి టఫ్ అనే రాయి అవుతుంది. కింది దిబ్బా అదే, పైన గోడా అదే. అందుకే దూరం నుంచి చూస్తే కొండ ఎక్కడ అయిపోయిందో, కోట ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. కోట పేరు కాస్టెల్ డెల్ ఓవో. ‘ఓవో’ అంటే గుడ్డు. గుడ్డు కోట అన్నమాట.

పేరు వెనక కథ ఇది. రోమన్ మహాకవి వర్జిల్‌కు మంత్రవిద్య తెలుసట. ఈ కోటలో ఒక రహస్యమైన చోట గుడ్డు దాచాడట. ఆ గుడ్డు చెక్కుచెదరకుండా ఉన్నన్నాళ్లు కోటకు ఢోకా లేదు. పగిలిందా, కోట కూలుతుంది, నగరానికి చేటుకాలం దాపురిస్తుంది.

నేపుల్స్ గురించి రాసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు చాలామంది దీన్ని రెండు ముక్కల్లో చెప్పి, పక్కనున్న చేపల హోటళ్ల దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఇది అంత తేలిగ్గా వదిలేసే కథలా అనిపించదు. ఇంతమంది ఉండగా కవే ఎందుకు? ఇన్ని వస్తువులుండగా గుడ్డే ఎందుకు? నగరంలో వేరే కోటలూ ఉన్నాయి కదా, ఇదే ఎందుకు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు ఒకే కాలంలో దొరకవు. వేర్వేరు శతాబ్దాల్లో పుట్టిన పోగులు తర్వాతెప్పుడో ఒక్క తాడుగా పేనుకున్నాయి. ఒక్కో పోగునూ తేదీతో సహా విడదీసి చూస్తేనే ఈ కథలోని అసలు అందం బయటపడుతుంది.

ముందు కాలం లెక్క చూద్దాం. వర్జిల్ క్రీ.పూ. 70లో పుట్టి, క్రీ.పూ. 19లో చనిపోయాడు. కోట కట్టింది నార్మన్ రాజులు, క్రీ.శ. 12వ శతాబ్దంలో. నన్నయ వెళ్లి చార్మినార్ పునాదిలో ఏదో దాచాడని ఎవరైనా అంటే ఎలా ఉంటుంది? అక్కడ తేడా ఐదువందల ఏళ్లు, ఇక్కడ పదకొండువందల ఏళ్ల పైమాటే. వర్జిల్ బతికున్న రోజుల్లో ఆ చుట్టుపక్కల ఉన్నది లుకుల్లుస్ అనే రోమన్ సేనాని విలాస భవనం. కోట అన్న మాటే లేదు.

అయితే దిబ్బ మాత్రం ఖాళీగా ఎప్పుడూ లేదు. నేపుల్స్ పాత పేరు పార్థెనోపె. అదొక సైరన్ పేరు. పాటతో నావికులను మాయ చేసి చంపే సముద్రకన్య ఆమె. గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ తన పాటకు లొంగకుండా ఓడ దాటించుకుపోయాడన్న అవమానంతో సముద్రంలో పడి ప్రాణం తీసుకుందని, ఆమె దేహం ఈ తీరానికే కొట్టుకొచ్చిందని కథ. ప్రాచీన నేపుల్స్‌లో ఆమె సమాధిని చూపించేవారని, అక్కడ క్రీడాపోటీలు జరిగేవని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. సమాధి అక్కడుంటే, దేహం ఒడ్డుకు చేరింది మాత్రం ఈ దిబ్బ దగ్గరే అని జనం మాట.

తర్వాత వచ్చింది ఒక పసివాడి కథ. ఇది పుక్కిటి కథ కాదు, చరిత్ర. 476లో పశ్చిమ రోమ్ చివరి చక్రవర్తి రోములుస్ అగస్టులుస్‌ను గద్దె దింపారు. చిన్నవాడని చంపకుండా, భరణం ఇచ్చి, ఈ లుకుల్లుస్ భవనానికే పంపేశారు. ఆ తర్వాత పాతికేళ్లు గడవకముందే సెయింట్ సెవెరినుస్ అనే క్రైస్తవ సాధువు ఎముకలను ఆల్ప్స్ అవతలి నుంచి మోసుకొచ్చి ఇక్కడే ఉంచారు. వాటి చుట్టూ మఠం వెలిసింది. నాలుగు శతాబ్దాలు ఆ ఎముకలు ఇక్కడే పూజలందుకున్నాయి. 902లో అరబ్బు దాడుల భయం ముంచుకొచ్చింది. శత్రువు ఈ చోటును స్థావరం చేసుకుంటాడేమోనని నగరం వాళ్లే కట్టడాలు పడగొట్టి, సాధువు ఎముకలను ఊళ్లోకి తీసుకెళ్లిపోయారు.

ఎముకల సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

కవి మాంత్రికుడైన వైనం

వర్జిల్ పుట్టింది ఉత్తరాన మాంటువా దగ్గర. కానీ మనసు పడింది నేపుల్స్ మీద. చాలాకాలం అక్కడే ఉండి రాశాడు. ప్రాణం పోయింది బ్రిందిసిలో అయినా, అస్థికలను నేపుల్స్‌కే తెచ్చారు. ఆయన సమాధి మీద చెక్కారని చెప్పే పద్యం చాలా చిన్నది: మాంటువా నన్ను కన్నది, కలబ్రియా నన్ను ఎత్తుకుపోయింది, ఇప్పుడు పార్థెనోపె ఒడిలో ఉన్నాను అని దాని భావం. అలా నగరం ఆయన్ను తనవాడిని చేసుకుంది.

కవి మాంత్రికుడు కావడం మనకు వింతగా తోచకూడదు. వేములవాడ భీమకవి కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. విందులో తనను అవమానించారని ‘అప్పాలన్నీ కప్పలు కావాలి, అన్నమంతా సున్నం కావాలి’ అన్నాడట, అలాగే అయ్యాయట. నోటి మాటకు అంత బలం ఉన్నవాడు ఏమైనా చేయగలడన్నది మన నమ్మకం. మధ్యయుగపు యూరప్‌లో వర్జిల్‌కూ అదే జరిగింది. ఆయన నాలుగవ గోపగీతంలో ఒక దివ్యశిశువు పుట్టుక గురించి ఉంది. క్రైస్తవులు దాన్ని క్రీస్తు రాక గురించిన జోస్యంగా చదువుకున్నారు. ఆయన మహాకావ్యం ‘ఈనియిడ్’ ఆరవ సర్గలో నాయకుడు పాతాళంలోకి దిగుతాడు. ఆ దారి ఉన్నది నేపుల్స్ పక్కనే, అవెర్నుస్ సరస్సు దగ్గర. అంటే పాతాళం దారి తెలిసినవాడు. మనవాళ్లు రామాయణం తెరిచి ప్రశ్న చూసుకున్నట్టు, అక్కడివాళ్లు వర్జిల్ పుస్తకం తెరిచి శకునం చూసుకునేవారు. దీనికి తోడు తల్లి పేరు మాగియా. లాటిన్‌లో మంత్రవిద్యకు వాడే మాటా అదే.

ఇవన్నీ కలిసి 12వ శతాబ్దానికి వర్జిల్ నేపుల్స్ కాపలాదారు అయ్యాడు. 1159లో ఇంగ్లండ్ పండితుడు జాన్ ఆఫ్ సాల్స్‌బరీ రాసిన గ్రంథంలో, వర్జిల్ కంచు ఈగను చేసి నగరంలోకి ఈగలు రాకుండా కాపాడాడన్న కథ కనబడుతుంది. జబ్బు చేసిన గుర్రాలను బాగుచేసే కంచు గుర్రం కథ తర్వాత చేరింది. ఈగలు, గుర్రాల జబ్బులు, పాములు, పాడైపోయే మాంసం. ఈ కథల్లో వర్జిల్ తీర్చేవన్నీ ఊరి మనిషి రోజువారీ బాధలే. రాజులకు రాజ్యాలు సంపాదించిపెట్టే మాంత్రికుడు కాదు.

ఈ నమ్మకాన్ని మొహం మీదే కాదన్నవాడు ఒకడున్నాడు, ఇటాలియన్ కవి పెట్రార్క్. నేపుల్స్ పక్కన కొండను తొలిచిన ఒక రోమన్ సొరంగం ఉంది. పొడవు ఏడువందల మీటర్ల దాకా. వర్జిల్ దాన్ని ఒక్క రాత్రిలో మంత్రంతో తవ్వాడని జనం నమ్మేవారు. ఆయనదని చెప్పే సమాధి ఆ సొరంగం వాకిట్లోనే ఉంది మరి. 1341లో నేపుల్స్ రాజు రాబర్ట్ పెట్రార్క్‌ను ఈ కథ నిజమేనా అని అడిగాడు. వర్జిల్ రాళ్లు కొట్టేవాడని నేనెక్కడా చదవలేదు అన్నాడట పెట్రార్క్. తాను అక్కడ చూసినవి ఇనుప పనిముట్ల గాట్లే అని రాశాడు. ఎంత మంచి జవాబో చూడండి. కవి మీద గౌరవం తగ్గలేదు, గోడ మీది ఉలి దెబ్బలూ మరుగున పడలేదు. నిజానికి ఆ సొరంగం వర్జిల్ కాలపు ఇంజనీరు కొక్కేయుస్ పనితనంగా చెబుతారు.

గుడ్డు కన్నా ముందు ఏముంది?

ఇక్కడే నాకు ఈ కథ మీద మక్కువ పెరిగింది. వర్జిల్ మహిమల గురించిన తొలి రాతల్లో గుడ్డు ఎక్కడా లేదు. ఉన్నవి రెండు వేరే వస్తువులు.

మొదటిది గాజు సీసా. 1190ల్లో జర్మన్ చక్రవర్తి ఆరవ హెన్రీ దక్షిణ ఇటలీని గెలిచాడు. ఆయన మంత్రి, క్వెర్‌ఫుర్ట్‌కు చెందిన కాన్రాడ్ అనే మతాధికారి, స్వదేశానికి రాసిన ఉత్తరంలో నేపుల్స్ వింతలు వర్ణించాడు. వర్జిల్ నేపుల్స్ నగరం నమూనాను ఇరుకు మూతి గాజు సీసాలో పెట్టాడట. సీసా పగలనంతకాలం నగరాన్ని ఎవరూ గెలవలేరట. మరి వీళ్లు గెలిచారు కదా? ప్రాకారాలు కూడా కూలగొట్టించారు కదా? దానికీ కాన్రాడ్ దగ్గర జవాబుంది. సీసా మా చేతుల్లోనే ఉంది, బహుశా అందులో చిన్న బీట పడి ఉంటుంది అని రాశాడు. నగరాన్ని ఓడించి, గోడలు పడగొట్టి కూడా, మంత్రం తప్పని ఒప్పుకోలేదు. గాజులో సన్నటి బీట వెతికాడు. కథలు ఎలా బతుకుతాయో ఇంతకన్నా దగ్గరగా చూపించే ఉదాహరణ నాకింకొకటి తెలియదు.

రెండవది వర్జిల్ ఎముకలు. చుట్టూ సముద్రం ఉన్న ఒక కోటలో వర్జిల్ ఎముకలున్నాయని, వాటిని గాలి తగిలేలా బయటపెడితే ఆకాశం నల్లబడి, సముద్రం పొంగి, తుఫాను లేస్తుందని అదే ఉత్తరంలో ఉంది. తాను కళ్లారా చూశానని కూడా కాన్రాడ్ రాసుకున్నాడు. మరో ఇరవై ఏళ్లలోపే ఇంగ్లండ్‌కు చెందిన గెర్వేజ్ ఆఫ్ టిల్బరీ ఇంకాస్త వివరం ఇస్తాడు. సిసిలీ రాజు రోజర్ కాలంలో ఒక ఆంగ్ల పండితుడు వచ్చి, వర్జిల్ ఎముకలు తనకిమ్మని అడిగాడట. తల దగ్గర దొరికిన మంత్రగ్రంథం పట్టుకుపొమ్మన్నారు గానీ, ఎముకలు మాత్రం ఇవ్వలేదు నగరవాసులు. అవి పోతే ఊరికి కీడని భయపడి సముద్రపు కోటలోకి చేర్చారు. చూడాలనుకున్నవారికి ఇనుప కటకటాల వెనక చూపించేవారట.

సముద్రపు కోట. ఇనుప కటకటాలు. ఇరుకు మూతి గాజు సీసా. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని, ఇప్పుడు 14వ శతాబ్దానికి రండి. నేపుల్స్ వాళ్లు తమ నగరం గురించి తమ భాషలో రాసుకున్న ‘క్రోనకా ది పార్తెనోపె’ అనే చరిత్ర గ్రంథంలో గుడ్డు కథ వివరంగా దొరుకుతుంది. కోడి పెట్టిన మొట్టమొదటి గుడ్డును వర్జిల్ గాజు కూజాలో పెట్టాడు. కూజాను సన్నటి పనితనమున్న ఇనుప పంజరంలో పెట్టాడు. పంజరాన్ని ఓక్ చెక్క దూలానికి బిగించి, కోటలో ఒక చిన్న గదిలో ఉంచాడు. గది తలుపులకు తాళాలు. కోట భవిష్యత్తంతా ఆ గుడ్డు మీదే ఆధారపడి ఉంది. అంతకుముందు సముద్రపు కోట అని పిలిచేవారు, ఆ తర్వాత గుడ్డు కోట అన్నారు.

సీసా అలాగే ఉంది, లోపలి నగరం పోయి గుడ్డు వచ్చింది. కోట అదే, ఇనుప కటకటాలు పంజరమయ్యాయి, ఎముకలు మాయమయ్యాయి. అంటే గుడ్డు కథ శూన్యంలోంచి ఊడిపడలేదు. నగరాన్ని కాపాడే సీసా, కోటలో దాచిన ఎముకలు అన్న రెండు పాత కథలు కలిసిపోయి మూడవ కథ అయ్యింది. ఎముకల కథ వెనక కూడా ఇంకొక పొర ఉందని నా అనుమానం. ఇదే చోట నాలుగు వందల ఏళ్లు ఒక సాధువు ఎముకలు పూజలందుకున్నాయి కదా. వాటిని ఊళ్లోకి మార్చిన మూడు శతాబ్దాలకు, అక్కడ కవి ఎముకలున్నాయని వినిపిస్తోంది. రుజువు చేయలేను. కానీ జనం జ్ఞాపకంలో చోటు మిగిలి, మనిషి మారిపోవడం మన ఊళ్లలోనూ చూస్తూనే ఉన్నాం.

గుడ్డు ఇరుకు మూతి కూజాలోకి ఎలా దూరిందన్న అనుమానం వస్తుంది. గుడ్డును వెనిగర్‌లో నానబెడితే పెంకు కరిగి, లోపలి పొర మెత్తగా సాగుతుంది. అప్పుడు మెల్లగా జార్చవచ్చు. పాత చిట్కానే. సీసాలో గుడ్డును చూసిన మనిషికి మాత్రం అది మంత్రంలాగే కనిపించి ఉంటుంది.

ఈ కథలు నేపుల్స్ జనం నోట పుట్టాయా, పరాయి పండితులు అంటగట్టారా అన్నది పెద్ద వాదం. 1872లో దొమెనికో కొంపరెత్తి అనే ఇటాలియన్ పండితుడు మధ్యయుగాల్లో వర్జిల్ మీద పెద్ద గ్రంథం రాసి, ఇవి నేపుల్స్ జానపదుల సొత్తేనన్నాడు. 1934లో అమెరికన్ పండితుడు స్పార్గో దాన్ని కాదన్నాడు. తొలి సాక్షులందరూ పరాయివాళ్లే కదా అని అడిగాడు. నిజమే, జాన్, గెర్వేజ్ ఇంగ్లండ్ వాళ్లు, కాన్రాడ్ జర్మన్. స్థానికుల రాత ఆ తర్వాత శతాబ్దం దాటాక గానీ కనబడదు. అయినా నేను పూర్తిగా స్పార్గో పక్షాన నిలబడలేను. ఊరి జనం తాము రోజూ చెప్పుకునేది రాసిపెట్టుకోరు. వింతగా తోచేది కొత్తగా వచ్చినవాడికే, రాసుకునేదీ వాడే.

ప్రాణం వేరే చోట

ఇంత పెద్ద రాతి కోటకు గుడ్డు కాపలా ఏమిటి అని నవ్వు రావచ్చు. తెలుగువాళ్లకు రాకూడదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడుంది? ఏడు సముద్రాల అవతల చిలుకలో. ఒళ్లు ఎంత బలమైనదైనా, ప్రాణం గుప్పిట్లో పట్టేంత చిన్న జీవిలో ఉంటుంది. చిలుక మెడ విరిస్తే ఫకీరు చచ్చాడు. ఈ కోటకు ప్రాణం గుడ్డులో ఉంది. ఒక్క తేడా ఏమిటంటే, ఫకీరు ప్రాణమున్న చిలుకను ఎవరైనా వెతికి చంపాలని మనం ఎదురుచూస్తాం, ఈ గుడ్డు మాత్రం ఎవరికీ దొరకకూడదని కోరుకుంటాం.

ఇంకా దగ్గరి పోలిక మన ఊరి నడిబొడ్డునే ఉంది. తెలంగాణలో బొడ్రాయి నిలబెట్టే రోజు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. ఆడబిడ్డలందరినీ పిలుచుకుంటారు. ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లి కట్టు వేస్తారు. కట్టు వేశాక బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు దాటకూడదు. రాయి చిన్నదే. కానీ ఊరి క్షేమం దాని మీద ఉందని నమ్మాక, రాయికి ఏమైనా అయితే ఊరంతా ఉలిక్కిపడుతుంది. నేపుల్స్ గుడ్డు కూడా అలాంటి బొడ్రాయే. సీసా, ఎముకలు అంతకుముందు నిలిపిన బొడ్రాళ్లు.

బొడ్రాయి బలమైన రాయి కదా, గుడ్డు ఒట్టి పెంకు కదా అంటే, జవాబు కోట కింది నేలలో ఉంది. నగరానికి తూర్పున వెసూవియస్ అగ్నిపర్వతం. పడమట కాంపి ఫ్లెగ్రేయి, నేల కిందే ఉన్న పెద్ద అగ్నిపర్వత ప్రాంతం. అక్కడ నేల నెమ్మదిగా పైకి లేస్తూ, కిందికి దిగుతూ ఉంటుంది. పక్క ఊరు పొజ్జుఓలిలో రోమన్ కాలపు సంత ఉంది. అందులో నిలబడ్డ మూడు పాలరాతి స్తంభాల మీద, మనిషి ఎత్తుకు పైన, సముద్రపు గుల్లజీవులు తొలిచిన రంధ్రాల పట్టీ ఉంది. అంటే ఆ స్తంభాలు అంత ఎత్తున సముద్రంలో మునిగి, మళ్లీ తేలాయి. 1982 నుంచి 1984 మధ్య అక్కడి నేల 1.8 మీటర్ల దాకా లేచింది. జనం వేల సంఖ్యలో ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఇలాంటి నేల మీద కాపురం ఉండేవాళ్లకు ఎంత మందపాటి గోడైనా పెంకుతో సమానమే. 1343 నవంబరులో సముద్రం ఉప్పొంగి ఓడరేవును చితగ్గొట్టినప్పుడు పెట్రార్క్ నేపుల్స్‌లోనే ఉన్నాడు. ఆ రాత్రి భయాన్ని ఉత్తరంలో రాశాడు. మంత్రాలను నమ్మని మనిషి కూడా ఇక సముద్రం మీద ప్రయాణమే వద్దనుకున్నాడు.

పేరుకు వేరే కారణాలూ చెబుతారు. దిబ్బ కోడిగుడ్డు ఆకారంలో ఉందని కొందరు, బంగారం చేసే రసవాదులు మూసి వేడి చేసే పాత్రను ‘గుడ్డు’ అనేవారు కాబట్టి ఆ పేరని మరికొందరు. ఆకారం సంగతి సబబుగానే ఉంది. ముందు పేరు వచ్చి, తర్వాత దానికి కథ అతికించుకుని ఉండవచ్చు కూడా. రసవాదం మాట నాకు అంతగా రుచించదు.

కథ మాత్రం రాజదర్బారు దాకా వెళ్లింది. 1352లో నేపుల్స్ రాజు లూయీ స్థాపించిన యోధుల సంఘం నియమావళిలోనే ఈ చోటును ‘మంత్రించిన గుడ్డు కోట’ అని రాశారు. లూయీ భార్య జొవాన్నా, నేపుల్స్ రాణి. ఆమె ఏలుబడిలో, 1370 ప్రాంతంలో, దిబ్బలోని రెండు రాళ్లను కలిపే సహజ రాతి వంతెన కూలిపోయింది. కోట బాగా దెబ్బతింది. గుడ్డు పగిలిందన్న పుకారు నగరమంతా పాకింది. రాణి తాపీవాళ్లను పెట్టి వంతెన బాగుచేయించింది. అది చాల్లేదు. పాత గుడ్డు స్థానంలో కొత్త గుడ్డు తానే పెట్టించానని జనం ముందు ప్రమాణం చేయాల్సి వచ్చిందని నేపుల్స్ కథనం. గోడ కట్టడం రాజ్యం పని. గుడ్డు పెట్టానని చెప్పడం కూడా రాజ్యం పనే అని ఆమెకు తెలుసు. ఆ తెలివికి నేను దండం పెడతాను.

1381లో బంధువైన దురాజ్జో చార్లెస్ నగరాన్ని పట్టుకుని జొవాన్నాను బందీ చేశాడు. ఆమెను ఉంచిన చోట్లలో ఈ కోట కూడా ఒకటి. మరుసటి ఏడాది దక్షిణాన మూరో అనే ఊరి కోటలో ఆమెను చంపించారు.

ఆ తర్వాత ఏడేళ్లకు, 1389లో, నేపుల్స్ పెద్ద చర్చిలో సాన్ జెన్నారో అనే సాధువుదిగా చెప్పే ఎండిన రక్తం జనం ముందు కరిగిందని మొదటిసారి రాశారు. ఇప్పటికీ ఏడాదికి మూడుసార్లు దాన్ని బయటికి తెచ్చి, కరుగుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తారు. కరగకపోతే నగరానికి కీడు. మిగిలిన రోజుల్లో అది తాళం వేసిన అరలో ఉంటుంది, చిన్న గాజు సీసాలో.